పన్నెండో ఏడు

మా దుకాణంలో గోడ నిండా ఫ్రేము మూలలు వేలాడుతుంటాయి. పూర్తి ఫ్రేములు కావు, మూలలే. రెండు చెక్కలు కలిసేచోటు నుంచి జానెడు ముక్క. వచ్చినవాళ్ళు తలెత్తి చూసి, "అదిగో, ఆ సన్న అంచుది" అని వేలు చూపిస్తారు. మూల దగ్గర వెంట్రుకంత సందు కనిపించినా చాలు, కట్టేవాడి చెయ్యి ఏపాటిదో తెలిసిపోతుంది.

మా తమ్ముడు తన పని ఏమిటో నాకు చెప్పడానికి ఆ గోడనే వాడుకున్నాడు. వాడు వెబ్‌సైట్లు కట్టేవాడు. "పోర్ట్‌ఫోలియో, పోర్ట్‌ఫోలియో అంటావు, అదేమిట్రా?" అని ఒకసారి అడిగాను.

"నీ మూలల గోడే అన్నయ్యా. నేను చేసిన పనులన్నీ ఒకచోట తగిలించి పెట్టుకున్నాను. కావలసినవాడు వచ్చి చూస్తాడు, నచ్చితే పని ఇస్తాడు."

"నేను సాయంత్రం దుకాణం కట్టేస్తాను. నువ్వు?"

"నా గోడకి తలుపు లేదు. ఎప్పుడూ తెరిచే ఉంటుంది."

ఆ మాట అప్పుడు గొప్పగా అనిపించింది.

వాడు నాకంటే చాలా చిన్న. అమ్మానాన్నా పోయేనాటికి ఇంకా బడికి వెళ్ళే వయసు. కొత్తగా పెళ్ళయి వచ్చిన మా ఆవిడే వాడికి తల దువ్వింది, గోళ్ళు తీసింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది. మాకు పిల్లలు కలగలేదు. ఎవరైనా ఆ ఊసెత్తితే, "ఉన్నాడుగా ఒకడు, నలుగురి అల్లరి చేస్తాడు" అని నవ్వేసేది. వాడు ఎంత ఎదిగినా ఆవిడకి చిన్నోడే.

వాడు ఇంట్లోనే, ముందు గదిలో కూర్చుని పనిచేసేవాడు. వాడి పనిలో ఒక పద్ధతి ఉండేది. ఏ సైటు తయారైనా ఇచ్చేముందు వదినని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టేవాడు. తను వెనకాల చేతులు కట్టుకుని నిలబడేవాడు. నోరు మెదపకూడదన్నది నియమం. మా ఆవిడ ఎక్కడ తడబడితే అక్కడ మళ్ళీ కట్టేవాడు. దానికి వదిన పరీక్ష అని పేరు పెట్టుకున్నాడు. "వదినకి అర్థమైందంటే ఊరందరికీ అర్థమైనట్టే" అనేవాడు.

"అంటే ఊళ్ళో అందరికంటే మొద్దుని నేనేనన్నమాట."

"కాదు వదినా. తెలియనిది తెలిసినట్టు నటించనిదానివి నువ్వొక్కదానివే."

ఒకరోజు నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే లోపల ఇద్దరి మాటలూ వినపడ్డాయి. "ఈ బొత్తం నొక్కితే ఏమవుతుందిరా?" అంటోంది మా ఆవిడ.

"మా అన్నయ్య తొందరగా ఇంటికొస్తాడు."

"నొక్కాను. రాలేదు. చెడిపోయింది, బాగుచెయ్యి."

"అది నా చేతిలో లేదు వదినా, మొదట్నుంచీ అంతే వచ్చింది."

నేను గడప మీదే కాసేపు నిలబడి నవ్వుకున్నాను. ఆ తర్వాత ఏ కొత్త సైటు చూసినా మా ఆవిడ ముందుగా ఆ ప్రశ్నే అడిగేది, వాడు ఆ జవాబే చెప్పేవాడు.

పోయిన వానల్లో వాడు చనిపోయాడు. చెప్పడానికి ఎక్కువ లేదు. తల పగిలిపోతోందన్నాడు, ఆస్పత్రికి తీసుకెళ్ళాం, లోపల నరం చిట్లిందన్నారు. తెల్లవారేసరికి మనిషి లేడు. నేను రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేవాణ్ణి, ఆ రోజు కూడా పెట్టుకున్నాను. ఎందుకిలా చేశావని అడగలేదు. అడగకూడదని కాదు. జవాబు వస్తే వినే ధైర్యం ఉండాలి కదా.

వాడి ఫోటో పెద్దది చేయించి దుకాణానికి తెచ్చుకున్నాను. ఊళ్ళో పోయినవాళ్ళలో సగంమంది నా చేతిమీదుగానే గోడలెక్కారు. కింద ఏ తేదీ రాయాలి, పేరు పైన ఉండాలా కింద ఉండాలా అని నెమ్మదిగా అడగడం నాకు అలవాటు. ఆ ఫోటోని మాత్రం కవరులోంచి తియ్యలేదు. అద్దం పలకల వెనక, గోడవైపు తిప్పి పెట్టాను.

మా ఆవిడ వాడి గది తుడిచేది కానీ ఏదీ కదపనిచ్చేది కాదు. పొద్దున్నే దేవుడి ముందు దీపం పెట్టి, తిన్నగా వెళ్ళి వాడి కంప్యూటరు తెరిచేది. తెరవగానే వాడి పోర్ట్‌ఫోలియో కనిపించేలా వాడే పెట్టుకున్నాడు. పైన వాడి పేరు. దాని కింద, "వెబ్‌సైట్లు కడతాను. పదకొండేళ్ళ అనుభవం. కొత్త పనికి సిద్ధంగా ఉన్నాను" అని ఉంటుంది. పక్కన ఒక పచ్చ చుక్క మెల్లగా వెలుగుతూ ఆరుతూ, ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. దాని తర్వాత వాడి పనులు వరసగా, ఒక్కోదానికి ఒక్కో బొమ్మ: బేకరీ, డ్రైవింగు నేర్పే బడి, పళ్ళ డాక్టరు, లాంచీల వేళలు. వాటి కింద పని కావలసినవాళ్ళు కబురు రాసే పెట్టె. అట్టడుగున చిన్న అక్షరాల్లో, "ప్రతి పనినీ మొదట పరీక్షించినది: మా వదిన." మా ఆవిడ పైనుంచి కిందిదాకా చదివి, మూసి, అప్పుడు పొయ్యి దగ్గరికి వెళ్ళేది. నేను అడ్డు చెప్పలేదు. ఎవరి ప్రార్థన వాళ్ళది అనుకున్నాను.

కొత్త సంవత్సరం మొదటి రోజున నేను స్నానం చేసి తల తుడుచుకుంటుంటే ముందు గదిలోంచి కేక వినపడింది.

"ఏమండీ! ఒక్కసారి రండి, తొందరగా!"

పరిగెత్తాను. ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది. వేలు తెర మీద ఉంది. "చదవండి. గట్టిగా చదవండి."

"వెబ్‌సైట్లు కడతాను. పన్నెండేళ్ళ..."

"నిన్న పదకొండండీ. నిన్న పొద్దున చదివాను. రోజూ చదువుతున్నాను, నేను పొరబడతానా?"

ఆ గదిలోకి ఎవరూ రాలేదు. దేన్నీ ఎవరూ ముట్టుకోలేదు. పోయినవాళ్ళ వయసు అక్కడితో ఆగిపోతుందని పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను. మరి ఈ ఏడు ఎవరు కలిపారు?

"ఎక్కడున్నాడో గానీ, పని మానలేదండీ వాడు" అంది మా ఆవిడ. ఆ పూట చాలా రోజుల తర్వాత కంచంలో పెట్టుకున్నదంతా తింది.

మర్నాడు నేను తమ్ముడి స్నేహితుడి దగ్గరికి వెళ్ళాను. అతనూ అదే పని చేస్తాడు. టైర్ల దుకాణం పైన ఒక గది అద్దెకి తీసుకున్నాడు. ప్రతి పనీ ఆచితూచి చేస్తాడని మా తమ్ముడు అతన్ని నత్త అని పిలిచేవాడు. "నత్త ఆలస్యంగా వెళ్తుందన్నయ్యా, కానీ దారి తప్పదు" అనేవాడు. నేను సంగతి చెప్తుంటే నత్త మొదట నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. వాడి పేజీ తెరిచి, దాని వెనక రాసి ఉన్న రాతని బయటికి తీశాడు.

"ఇదిగో అన్నయ్యగారూ. పదకొండు అని వాడు ఎక్కడా రాయలేదు. పని మొదలుపెట్టిన సంవత్సరం రాశాడు. ఇవాళ ఏ సంవత్సరమో చూసుకుని అందులోంచి ఇది తీసెయ్యమని పేజీకి చెప్పాడు. ప్రతి ఏడూ తెరిచి మార్చుకునే పని తప్పుతుందని. అందుకే ఒకటో తేదీకి అదే పెరిగింది."

"అంటే ఎవరూ మార్చలేదు."

"ఎవరూ లేరు. మావాళ్ళందరం ఇలాగే రాసుకుంటాం. నాదీ ఇంతే." అతను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "పోతామని మాలో ఎవరం రాసుకోం అన్నయ్యగారూ."

"ఆ పచ్చ చుక్క?"

"అది ఉత్త బొమ్మ."

ఆపమంటే ఇప్పుడే ఆపేస్తానన్నాడు. వాడి పాస్‌వర్డులన్నీ తన దగ్గర ఉన్నాయట, ఏదైనా అయితే చూడమని ఎప్పుడో ఇచ్చాడట. కానీ ఇంట్లోవాళ్ళు చెప్పకుండా వాడి పేజీ మీద చెయ్యి వెయ్యలేనన్నాడు. "వదినగారిని అడిగి చెప్పండి."

నేను అడగలేదు. ఇంటికి వచ్చేసరికి ఆవిడ ఏదో కూనిరాగం తీస్తోంది. ఆ నోట రాగం విని ఎంతకాలమైందో. కనపడని ఒకరు ఉన్నారనే నమ్మకంతోనే కదా నేనూ రోజూ దీపం ముందు చేతులు జోడిస్తాను. నా నమ్మకం ఒప్పు, ఆవిడది తప్పు అని చెప్పడానికి నేనెవణ్ణి? పైగా ఆవిడ నమ్మకం వల్ల ఎవరికీ నష్టం లేదు. అలా అనుకుని ఊరుకున్నాను.

చలి తగ్గే రోజుల్లో ఒక మధ్యాహ్నం రేవు ఆఫీసు గుమాస్తా దుకాణానికి వచ్చాడు. నది దాటే లాంచీలకి టిక్కెట్లిచ్చేది అతనే. ఇంతకుముందు వాళ్ళ ఆఫీసుకి ఒక పటం కట్టించుకోవడానికి తమ్ముడి వెంట వచ్చాడు కాబట్టి గుర్తుపట్టాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ తమ్ముడు పెద్దవాడైపోయాడా అండీ? ఫోను చేస్తే మోగదు. పేజీలో రాస్తే 'కాస్త ఆగండి, చేస్తాను' అంటాడు. మళ్ళీ రాస్తే మళ్ళీ అదే. చెయ్యలేనంటే ఇంకొకళ్ళని చూసుకుంటాం కదా!"

నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. "ఏం చెయ్యాలి?" అన్నాను.

"నదిలో నీళ్ళు తగ్గాయి. పొద్దుటి లాంచీ అరగంట ముందే వదిలేస్తున్నాం. సైటులో ఇంకా పాత వేళే ఉంది. రేవులో బోర్డు పెట్టాం, కానీ దూరం నుంచి వచ్చేవాళ్ళు ఫోనులో చూసుకునే బయల్దేరతారు. మొన్న ఒక ముసలావిడ, అవతలి ఒడ్డు ఆస్పత్రిలో కంటి ఆపరేషను. మనవరాలి చెయ్యి పట్టుకుని పాత వేళకి వచ్చింది. లాంచీ అప్పటికే నది మధ్యలో ఉంది. ఆ ఆపరేషనుకి మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో! నన్ను తిట్టి పోయింది. నేను మీ తమ్ముణ్ణి తిట్టుకున్నాను. మాట మీద నిలబడే కుర్రాడనుకున్నాం, ఇంత అబద్ధాలకోరు అనుకోలేదు."

ఫ్రేము బీడింగు చెక్క కోసే రంపం నా చేతిలోనే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను.

"మా తమ్ముడు పోయాడండీ. వానాకాలంలో."

గుమాస్తా టోపీ తీసి చేతిలో నలుపుకున్నాడు. చాలా మెల్లగా, "మరి పోయిన వారం నాకు జవాబు రాసిందెవరండీ?" అన్నాడు.

ఆ మాట అతని నోట పూర్తి కాకముందే నాకు తెలిసిపోయింది.

దుకాణం కట్టేసి ఇంటికి నడిచాను. దారిలో నన్ను కుదిపింది ముసలావిడ సంగతి ఒక్కటే కాదు. వాడు బతికున్నన్నాళ్ళూ వాణ్ణి అబద్ధాలకోరు అన్నవాళ్ళు లేరు. పోయాక అనిపించుకున్నాడు. ఆ పేజీ అలాగే ఉన్నంతకాలం ఒక్కొక్కరే వచ్చి అని పోతారు. వాడు తిరిగి ఒక్కమాట అనలేడు.

మా ఆవిడ వరండాలో బట్టలు మడతపెడుతోంది. వేళకాని వేళ నన్ను చూసి లేచింది.

"ఏమిటండీ, ఒంట్లో బాగాలేదా?"

"చిన్నోడి పేరుతో జవాబులు రాస్తున్నది నువ్వేనా?"

చేతిలో బట్ట అలాగే ఉండిపోయింది. "వాడి పేరు పెట్టలేదు" అంది చివరికి. "పాతవాళ్ళకి వాడు రాసిన జవాబులు చూసి, అలాగే రాశాను. కాస్త ఆగండి, చేస్తాను అని."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? సిద్ధంగా ఉన్నానని వాడు రాసిపెట్టాడు. తలుపు తట్టినవాళ్ళకి పలక్కపోతే వాడికి మాట రాదూ? ఏడు కూడా వాడే కలుపుకున్నాడు. నేను పలికితే ఏం పోయింది?"

"లాంచీ పోయింది" అన్నాను. ముసలావిడ సంగతి చెప్పాను. గుమాస్తా అన్న మాట కూడా దాచకుండా చెప్పాను. నత్త దగ్గరికి వెళ్ళిన విషయం, సంవత్సరంలోంచి సంవత్సరం తీసేసే ఆ లెక్క, ఇన్నాళ్ళూ చెప్పకుండా దాచిన సంగతి, అన్నీ చెప్పాను.

ఆవిడ అరుగు మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అయితే వచ్చే ఏడు పదమూడు అవుతుందా?"

"అవుతుంది."

"నేను పోయాక కూడా?"

"ఎవరూ ఆపకపోతే."

చాలాసేపు మడతపెట్టిన బట్టనే మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. "మనిషి లేకుండా ఏళ్ళు పెరిగితే దాన్ని అనుభవం అంటారా అండీ?" అంది.

ఆవిడ నా వైపు తిరిగింది. "నన్నంటున్నారు సరే. మీరు? ఊరందరికీ ఫ్రేములు కడతారు. చిన్నోడి ఫోటో ఏ పలక వెనక దాచారో నాకు తెలియదనుకున్నారా? అన్నం తీసుకొచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను."

నేను చెప్పులేసుకుని నత్తని పిలవడానికి బయల్దేరాను.

మర్నాడు పొద్దున నత్త వచ్చాడు. ఆ గదిలో అడుగుపెట్టడానికి గడప దగ్గర కాస్త ఆగాడు. మా ఆవిడే కుర్చీ జరిపింది. "కూర్చో బాబూ. ముందు లాంచీ. వాడి సంగతి తర్వాత."

నత్త వేళలు మార్చి, "అయిపోయింది వదినగారూ" అన్నాడు. మా ఆవిడ కుర్చీలో కూర్చుంది. నత్త లేచి వెనక నిలబడ్డాడు. నియమం అతనికీ తెలిసినట్టుంది, చేతులు కట్టుకున్నాడు.

"వేళ మారిందని ఎక్కడుంది? నాకు కనపడలేదు."

"ఇదిగో, ఇక్కడ కింద..."

"నోరు మెదపకూడదు. కనపడలేదంటే కనపడలేదు. పాత వేళ అలవాటైనవాళ్ళు చదవరు బాబూ, ఊరికే చూసి పోతారు. కంటికి గుచ్చుకోవాలి."

నత్త మళ్ళీ కూర్చుని, పేజీ నెత్తిన ఎర్రటి పట్టీ ఒకటి పెట్టాడు. పొద్దుటి లాంచీ అరగంట ముందే అని పెద్ద అక్షరాలు. మా ఆవిడ తలూపింది.

తర్వాత వాడి గోడ. నత్త ఆ లెక్కని తీసేసి, "ఎంత వెయ్యమంటారు?" అని అడిగాడు. పేజీలో అప్పటికి పన్నెండు ఉంది.

"పదకొండు. ఎక్కువ చెప్పుకోవడం వాడికి ఇష్టం ఉండదు."

"పచ్చ చుక్క?"

చుక్క రెండుమూడుసార్లు వెలిగి ఆరింది. "తీసెయ్యి" అంది.

సిద్ధంగా ఉన్నానన్న మాట ఉన్నచోట ఏం రాయాలో నత్త ముందే రాసి తెచ్చుకున్నాడు. వెలుగు, తీరం, అనంతం అని ఏవో మంచి మాటలే. చదివి వినిపించాడు. మా ఆవిడ ఓపికగా విని, "నాకు అర్థం కాలేదు బాబూ" అంది. వదినకి అర్థం కాకపోతే మళ్ళీ కట్టాల్సిందే. నత్త కళ్ళు తుడుచుకుని, "మీరే చెప్పండి" అన్నాడు.

ఆవిడ చెప్పింది, అతను రాశాడు: "ఈ పనులు చేసినవాడు చనిపోయాడు. పనులు ఉన్నాయి. వీటిలో ఏదైనా మార్చాలంటే ఇతన్ని అడగండి." కింద నత్త పేరు, ఫోను నంబరు. అట్టడుగున ఉన్న వదిన మాటని ఎవరూ కదపలేదు.

"ఇంక ఇది నొక్కితే లోకానికి కనపడుతుంది వదినగారూ. మీరు నొక్కుతారా?"

ఆవిడ వేలు బొత్తం మీద పెట్టింది. పెట్టి, అలవాటు కొద్దీ కాబోలు, "ఈ బొత్తం నొక్కితే ఏమవుతుందిరా?" అంది.

నత్తకి ఆ హాస్యం తెలియదు. ఇప్పుడే చెప్పాను కదా అన్నట్టు అయోమయంగా చూశాడు. గదిలో ఆ ప్రశ్నకి జవాబు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"నేను తొందరగా ఇంటికొస్తాను" అన్నాను.

ఆవిడ నొక్కింది. అప్పుడు ఏడ్చింది.

ఆ మధ్యాహ్నమే నేను కవరు తెరిచి వాడి ఫోటో బయటికి తీశాను. చెక్క కోశాను, మూలలు కలిపాను, సందు లేకుండా కుదిరింది. తేదీ ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది.

ఆ ముసలావిడకి ఆస్పత్రివాళ్ళు మళ్ళీ రోజు ఇచ్చారని గుమాస్తా చెప్పి పంపాడు. ఆ పొద్దున మా ఆవిడ నన్ను వెంటబెట్టుకుని రేవుకి బయల్దేరింది. మంచు ఇంకా విడలేదు. ముసలావిడ బల్ల మీద కూర్చుని ఉంది, పక్కన మనవరాలు. మా ఆవిడ వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకుంది. మొన్న లాంచీ తప్పింది తన మూలంగానేనని, క్షమించమని చెప్పింది.

"నీ మూలంగానా? నువ్వెవరమ్మా?"

"ఈ లాంచీ వేళలు చూపించే సైటు కట్టినవాడి వదినని."

ముసలావిడకి ఎంత అర్థమైందో తెలియదు. మసకబారిన కళ్ళతో మా ఆవిడ మొహం వెతుక్కుంటూ, "ఆ అబ్బాయి రాలేదా?" అని అడిగింది.

"లేడమ్మా" అంది మా ఆవిడ. "పోయాడు."

పేజీలో రాయించింది గానీ, ఎదుటి మనిషితో ఆవిడ ఆ మాట అనడం అదే మొదటిసారి. ముసలావిడ పట్టుకున్న చేతులు వదల్లేదు.

మనవరాలు ఫోను తీసి వేళ చూసింది. మా ఆవిడ మెడ సాచి ఆ ఎర్ర పట్టీని చదివింది, పరీక్ష ఇంకా ముగియనట్టు. ఇంతలో మంచులోంచి కూత వినపడింది. అందులో రాసిన వేళకే లాంచీ వచ్చింది.